మందారాకు జిగురు, కుంకుడు నురగ: తలంటు గురించి

(హైదరాబాద్‌లో మిద్దెతోటలు పెంచుకునేవాళ్ల ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాసిన పాఠం ఇది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడినవాళ్లు ముందుకు రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

మందారం అనగానే అందరూ అడిగే మొదటి ప్రశ్న ఒకటే. పెడితే జుట్టు వస్తుందా? రాలేది ఆగుతుందా? నేరుగానే చెప్తాను. ఊడిన చోట కొత్త జుట్టు మొలిపిస్తుందని మనుషుల మీద గట్టిగా తేలలేదు. 2003లో ఒక పరిశోధన అచ్చయింది, అందులో మంచి ఫలితం వచ్చిన మాట నిజమే. కానీ అది ఎలుకల మీద చేసింది. పైగా వాళ్లు వాడింది పెట్రోలియం ఈథర్ అనే ద్రావకంతో తీసిన సారం. మనం గిన్నెలో నీళ్లు పోసి పిసికే జిగురు అది కాదు. ఆ పరిశోధనలో మనకు పనికొచ్చే ఒక సంగతి మాత్రం ఉంది. పువ్వు కంటే ఆకే బాగా పని చేసిందని తేలింది. మనమేమో పువ్వు వెంట పడతాం, ఆకును పట్టించుకోం.

మరి జుట్టు మొలిపించకపోతే ఎందుకు వాడాలి? ఎందుకంటే మనలో చాలామందికి ఊడేది కుదురు నుంచి కాదు. మధ్యలో తెగుతుంది. ఈ రెండూ వేరు. దయచేసి ఈ ఒక్క సంగతి పట్టుకోండి, మిగతాదంతా దీని మీదే ఆధారపడి ఉంది.

ఎలా తెలుసుకోవాలి? ఇంటికెళ్లి దువ్వెనలో ఉన్న వెంట్రుకలు పది తీసుకోండి. తెల్ల వెంట్రుకలైతే నల్లగుడ్డ మీద, నల్లవైతే తెల్లకాగితం మీద పెట్టి చివరలు చూడండి. ఒక చివర చిన్న తెల్లటి బొడిపె ఉంటే అది కుదురు నుంచి ఊడింది. రెండు వైపులా బొడిపె లేదు, పొట్టిగా ఉంది అంటే తెగిపోయింది. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు కుదురు నుంచి ఊడటం మామూలే, దానికి కంగారు పడక్కర్లేదు. తెగినవి ఎక్కువ కనిపిస్తే మందారం మీకు ఉపయోగం. బొడిపె ఉన్నవి గుప్పెళ్లకొద్దీ వస్తుంటే మందారం జోలికి కాదు, డాక్టరు దగ్గరికి వెళ్లాలి. రక్తహీనత ఉందా, థైరాయిడ్ ఉందా చూపించుకోవాలి.

ఇక్కడే ఒక తమాషా ఉంది. వానాకాలంలో డెంగీ, టైఫాయిడ్ వస్తాయా? గట్టి జ్వరం వచ్చిన రెండు మూడు నెలలకు జుట్టు కుప్పగా రాలుతుంది. కాన్పు తర్వాత కూడా అంతే. అంటే ఆగస్టులో జ్వరం వస్తే దీపావళి నాటికి దువ్వెన నిండుతుంది. అప్పుడు భయపడి మందారం మొదలుపెడతాం. ఆ రాలడం ఆరు నెలల లోపు చాలామందికి దానంతట అదే తగ్గుతుంది. తగ్గగానే పేరు ఎవరికి? మందారానికి! పాపం, అది చేసింది వేరే పని.

ఏం చేస్తుందో చూద్దాం. వెంట్రుక పైపొర చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి పరుచుకుని ఉంటుంది. ఎండ, గట్టిగా దువ్వడం, బోరు నీళ్లు, రంగులు, వీటన్నిటికీ ఆ పొలుసులు లేచిపోతాయి. లేచినవి ఒకదానికొకటి పట్టుకుంటాయి. అదే చిక్కు. చిక్కు పడ్డ చోట దువ్వెన లాగితే తెగుతుంది. మందారాకులో ఉండే జిగురు ఆ పొలుసుల మీద పల్చటి పూతగా నిలిచి, వెంట్రుకకూ వెంట్రుకకూ మధ్య రాపిడి తగ్గిస్తుంది. అంతే. ఆ మాత్రమే. కానీ తెగే జుట్టుకు అది చిన్న సాయం కాదు.

ఇప్పుడు చేసే పద్ధతి. రాసుకునేవాళ్లు రాసుకోండి.

భుజాల దాకా జుట్టుకు ఆకులు 15 నుంచి 20. మరీ లేతవి వద్దు, ముదిరి పసుపు తిరిగినవి వద్దు. చిగురు నుంచి నాలుగైదు ఆకులు వదిలి ఆ కిందివి కోయండి. హైదరాబాద్ రోడ్డు పక్క ఇళ్లలో ఆకు మీద దుమ్ము మందంగా ఉంటుంది, రెండు వైపులా వేలితో రుద్ది కడగాలి. ఈనె తీసి, ముక్కలు తుంచి, గ్లాసున్నర నీళ్లలో 20 నిమిషాలు నానబెట్టండి. తర్వాత చేత్తో పిసకండి. మిక్సీ ఎందుకు వద్దంటున్నానో చెప్తాను. మిక్సీలో వేస్తే ఆకు పీచు చిన్న చిన్న నలుసులైపోతుంది. ఆ నలుసులు జుట్టులో ఇరుక్కుంటే నాలుగు బకెట్లు పోసినా పోవు. వాటిని తీయడానికి దువ్వితే మళ్లీ జుట్టు తెగుతుంది. దేనికోసం మొదలుపెట్టామో దానికే చేటు. మిక్సీ తప్పదనుకుంటే పాత నూలు చీర ముక్కలో వేసి గట్టిగా పిండండి. టీ జల్లెడ చాలదు.

నీళ్లు కోడిగుడ్డు తెల్లసొన మాదిరి తీగ సాగాలి. సాగలేదంటే నీళ్లు ఎక్కువ పోసి ఉంటారు, లేదా ఆకు వాడిపోయి ఉంటుంది. ఎండబెట్టిన మందారాకు పొడి దుకాణాల్లో దొరుకుతుంది, దాన్ని నానబెట్టినా జిగురు వస్తుంది కానీ పచ్చి ఆకంత రాదు. చెట్టు ఇంట్లో ఉన్నవాళ్లు పొడి కొనడం ఎందుకు?

తడిజుట్టుకు పట్టించండి. పొడిజుట్టుకు పట్టిస్తే సమంగా పరుచుకోదు, కిందికి కారుతుంది. 10, 15 నిమిషాలు చాలు. గంట పెట్టుకుంటే నాలుగింతల ఫలితం వస్తుందా? రాదు. ఎండిపోయి అట్టకడుతుంది. కడిగేటప్పుడు బాత్‌రూమ్ నేల చూసుకోండి. ఇది సరదాగా చెప్పడం లేదు, మందారాకు జిగురు టైల్స్ మీద పడితే బాగా జారుతుంది. ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లు స్నానానికి వెళ్లేలోపు నేల కడిగి తీరాలి. మిగిలిన జిగురు ఫ్రిజ్‌లో ఒక్కరోజు, అంతే. మర్నాటికి పులిసిన వాసన వస్తే మొక్క మొదట్లో పోసేయండి.

ఇక పువ్వు. ఒంటిరెక్క ఎర్ర మందారం, ముద్ద మందారం, ఏదైనా పర్లేదు. ఎరుపే కావాలని పట్టుబట్టేది ఆ రంగు మీద మోజుతో. పువ్వు ఉదయం విచ్చుకుని సాయంత్రానికి ముడుచుకుంటుంది కాబట్టి పొద్దున్నే కోసుకోవాలి. పచ్చటి తొడిమ తీసేయండి, మధ్యలో పుప్పొడి ఉన్న కాడ తీసేయండి. పుప్పొడి పడనివాళ్లకు తుమ్ములు, దురద వస్తాయి. ఆరేడు పువ్వుల రెక్కలు, రెండు చెంచాల పెరుగు కలిపి నూరితే జుట్టు చివరలకు మంచి మెత్తదనం ఇస్తుంది. పువ్వులో కూడా జిగురుంది, కానీ ఎక్కువ భాగం నీళ్లే.

ఆ ఎరుపు తెల్లవెంట్రుకకు అంటుతుందా అని అడుగుతారు. అంటదు. తెల్ల తువ్వాలుకు మాత్రం బాగా అంటుతుంది! గోరింటాకులో ఉండే రంగు పదార్థం వెంట్రుకలోని ప్రొటీనును పట్టుకుంటుంది, మందార రంగు పట్టుకోదు, నీళ్లతో పోతుంది.

పిల్లలు ఇక్కడ కొందరున్నారు కదా, మీకు తెలుసుంటుంది. మందార పూల రసంలో నిమ్మరసం వేస్తే ఏ రంగు వస్తుంది? ముదురు గులాబీ. వంటసోడా వేస్తే? ఆకుపచ్చ. బడిలో చేయించే ప్రయోగమే. ఇది తలంటులో మనకు ఎందుకు? బోరు నీళ్లతో పూలు నూరినప్పుడు ముద్ద ఊదారంగుకో నీలానికో తిరిగితే చాలామంది పాడైందని పారబోస్తారు. పాడవలేదు. మీ నీళ్లలో క్షారం ఉందని చెప్తోంది, అంతే.

నీళ్ల సంగతి వచ్చింది కాబట్టి కాసేపు ఇక్కడ ఆగుదాం. మనకు నల్లాలో వచ్చేది మంజీరా, కృష్ణా, గోదావరి నీళ్లు. అవి చాలని చోట బోరు. మనది గ్రానైటు రాతినేల, చాలా కాలనీల్లో బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. కుళాయి మూతి చుట్టూ తెల్లగా గారకట్టిందంటే అదే. ఆ నీళ్లతో సబ్బు రుద్దితే నురగ రాదు, తెల్లటి జిడ్డు మిగులుతుంది. ఆ జిడ్డు వెంట్రుక మీద కూర్చుంటే జుట్టు గరుకుగా, చీపురుపుల్లగా అయిపోతుంది. బోరు నీళ్లకు జుట్టు ఊడిపోతోందని అందరూ అంటారు. కుదురు నుంచి ఊడదు. గరుకెక్కి తెగుతుంది. మళ్లీ అదే మాట, తెగడం వేరు, ఊడటం వేరు.

కుంకుడుకాయ గొప్పతనం ఇక్కడే. దాని నురగ కాయలోనే ఉండే సపోనిన్లు అనే పదార్థాల వల్ల వస్తుంది. సబ్బు మాదిరి బోరు నీళ్లలోని కాల్షియంతో కలిసి జిడ్డు కట్టదు. పైగా కుంకుడు రసం కొద్దిగా ఆమ్లగుణం ఉన్నది, సబ్బు క్షారం. నెత్తి చర్మం కూడా కొద్దిగా ఆమ్లగుణం వైపే ఉంటుంది. అందుకని గట్టి నీళ్ల ఊరికి కుంకుడు సరిపోతుంది. తలంటు చివర, లీటరు నీళ్లలో అర చెక్క నిమ్మరసం కలిపి జుట్టు చివరలకు పోసుకుని, ఆఖరి రెండు చెంబులు నల్లా నీళ్లు పోసుకోండి. నిమ్మకాయను నేరుగా నెత్తికి రుద్దొద్దు, మండుతుంది.

కుంకుడుకాయలు బేగంబజార్లో కిలోలెక్కన తెస్తారు మీరు. కొనేముందు ఒకటి పగలగొట్టి చూడండి. లోపలి గుజ్జు మెరుస్తూ వేళ్లకు బంకగా అంటుకుంటే మంచి సరుకు. పొడిపొడిగా రాలితే, పురుగు బెజ్జాలుంటే పాతది. భుజాల దాకా జుట్టుకు 8 నుంచి 10 కాయలు, నడుము దాకా అయితే 15 దాకా. నూనె పెట్టుకున్నప్పటి లెక్క ఇది. నూనె లేకపోతే సగం చాలు. ఇక్కడే చాలామందికి దెబ్బతింటుంది. నూనె లేని తలకు నూనె తలంత కుంకుడు పోస్తే ఉన్న కొద్దిపాటి జిడ్డూ తుడిచిపెట్టుకుపోతుంది, మర్నాడు జుట్టు పీచులా లేస్తుంది. కుంకుడు పడలేదంటారు. పడకపోవడం కాదు, ఎక్కువైంది.

గింజ తీసి, అర లీటరు వేడినీళ్లలో రాత్రి నానబెట్టి, పొద్దున పిసికి వడగట్టండి. గింజతో సహా మిక్సీలో వేస్తే బ్లేడు పోతుంది, కుంకుడు గింజ అంత గట్టిది. ఈ రసంలో మందారాకు జిగురు సగం గ్లాసు కలిపితే కుంకుడు కరుకుదనం తగ్గుతుంది. పొడిజుట్టు వాళ్లు ఇలా కలిపేయండి. జిడ్డు తల వాళ్లు ముందు కుంకుడుతో రెండుసార్లు రుద్దుకుని, తర్వాత జిగురును చివరలకు మాత్రమే విడిగా పట్టించండి. కంట్లో పడితే భగ్గుమంటుంది. నలపకుండా చన్నీళ్లు పోస్తూ ఉండండి. చిన్నపిల్లలకు తల వెనక్కి వంచి పోయండి, లేదంటే ఆ ఒక్కసారికే తలంటంటే ఇల్లంతా పరుగెత్తిస్తారు.

శీకాయ గురించి ఒక్కమాటే. నురగ తక్కువ, మెత్తగా శుభ్రం చేస్తుంది, తెల్లబట్టలకు మరక చేస్తుంది. పొడి ముక్కులోకి పోతే తుమ్ములు ఆగవు, అందుకని తడిపాకే చేతిలోకి తీసుకోండి.

సరే, నూనె. మందార నూనె. బజార్లో ఎర్రటి సీసాల్లో కనిపిస్తుంది కదా? ఒకసారి ఆలోచించండి. మందారం జిగురు నీళ్లలో కరిగేది, నూనెలో కరగదు. పువ్వు ఎరుపు కూడా నీళ్లలోనే కరుగుతుంది. మరి ఆ నూనెకు ఎరుపు ఎక్కడి నుంచి వచ్చింది? పూలు వేసి కాచిన నూనె ఇంట్లో ఎప్పుడూ అంత ఎర్రగా రాదు. ఆకులు వేస్తే ఆకుపచ్చ వస్తుంది, అది ఆకు పచ్చదనం, నూనెలో కరుగుతుంది. కాబట్టి మందార నూనెలో పని చేసేది ఎక్కువగా నూనే. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి కొంత దిగుతుంది, తల కడిగేటప్పుడు ప్రొటీను పోకుండా కాపాడుతుంది. ఇది పరీక్షల్లో తేలిన సంగతి, ఇదీ 2003లోనే అచ్చయింది. పొద్దుతిరుగుడు నూనెకు, మినరల్ ఆయిల్‌కు ఆ గుణం కనిపించలేదు. మందారం వేసినా వేయకపోయినా కొబ్బరినూనె పెట్టండి, తలంటుకు గంట ముందు.

అయినా కాచుకుంటామంటారా? కాచుకోండి, కానీ సరిగ్గా. పావు లీటరు నూనెకు 20 ఆకులు, కావాలంటే 8 పూలు. కడిగి, గుడ్డతో తుడిచి, నీడన ఒకరోజు వాడ్చండి. తడి ఆకు వేడినూనెలో పడితే చిట్లి మొహాన పడుతుంది, అదొకటి. లోపల తేమ మిగిలితే వారం తిరగకుండా బూజు పడుతుంది, అది ఇంకొకటి. మందపాటి గిన్నె, సన్నటి మంట. పొగ రాకూడదు. బుడగలు ఆగిపోయి, ఆకు గరిటెకు తగిలినప్పుడు గలగలమనాలి. అప్పుడు దించండి. ఆకు నల్లగా మాడేదాకా ఉంచితే నూనె కూడా మాడుతుంది. ఆయుర్వేదంలో ఔషధం ముద్ద 1 వంతు, నూనె 4 వంతులు, రసమో కషాయమో 16 వంతులు అని లెక్క. దిగిందో లేదో చూడటానికి అడుగున ఉన్న ముద్దను కొద్దిగా తీసి వత్తిలా చేసి మంటలో పెడతారు. చిటపటమంటే ఇంకా నీళ్లున్నట్టు. ఇంట్లో కూడా ఈ పరీక్ష చేయొచ్చు, ఖర్చు లేదు. చల్లారాక వడగట్టి, పూర్తిగా ఆరిన గాజుసీసాలో పోసుకోండి.

చుండ్రు ఉన్నవాళ్లు వినండి. చేతులెత్తమని అడగను! చుండ్రు పొడిదనం అనుకుని నూనె మీద నూనె పెడతారు. అది పొడిదనం కాదు. నెత్తి మీద మలసీజియా అనే సూక్ష్మజీవి ఉంటుంది, దాని తిండే కొవ్వు. మనం పెట్టే కొబ్బరి, ఆముదం అన్నీ దానికి భోజనమే. చుండ్రు తగ్గేదాకా రాత్రంతా నూనె ఉంచుకోవడం మానండి. కీటోకొనజోల్ షాంపూ డాక్టరు చెప్పినట్టు వాడండి, మందారం, మెంతులు తర్వాత చూసుకోవచ్చు. దీన్ని మూలికలతో మొండిగా లాగితే దురద పెరిగి గోకి పుండ్లు చేసుకుంటారు.

మెంతులు ఎలాగూ అడుగుతారు. రెండు చెంచాలు కప్పు నీళ్లలో రాత్రి నానబెట్టండి. ఆ నీటి జిగురు ఒక్కటే వాడితే చాలు. రుబ్బిన ముద్ద పెడితే నలుసులు, రెండు రోజులు వాసన. కలబంద కోసిన మట్టను పావుగంట తలకిందులుగా నిలబెట్టి ఆ పసుపు పాలు కారిపోనివ్వాలి. కలబంద పెట్టాక వచ్చే నెత్తి దురద ఎక్కువగా దానివల్లే. ఉసిరి ఇనప మూకుడులో ఉడికిస్తే నల్లబడుతుంది, ఉసిరిలోని వగరు పదార్థం ఇనుముతో కలిసి చేసే పని అది. ఆ నలుపు పైపూత మాత్రమే.

జుట్టుకు వాడే గుంటగలగరాకు తెల్ల పూలది. ఆకు నలిపితే రసం కాసేపటికి నల్లబడుతుంది, అదే గుర్తు. మన పార్కుల్లో, రోడ్డు మధ్య డివైడర్ల దగ్గర నేల కప్పడానికి పసుపు పూల తీగ వేస్తారు, అది ఇది కాదు. నిజమైనదే దొరికినా మురుగుకాలువ ఒడ్డున మొలిచింది తెచ్చుకోకండి. ఈ మొక్కకు తడినేల ఇష్టం, అందుకే అక్కడే ఎక్కువ కనిపిస్తుంది. చిన్న కుండీలో ఇంట్లోనే హాయిగా వస్తుంది.

కొన్ని మాత్రం అసలు వద్దు. పేనుకొరుకుడుకు, అంటే అక్కడక్కడ గుండ్రంగా జుట్టు ఊడితే, గురివింద గింజ అరగదీసి రాస్తారు, నల్లజీడి గింజ రసం పెడతారు. గురివింద గింజ విషం. నల్లజీడి గింజ చర్మాన్ని కాల్చి బొబ్బలు లేపుతుంది. పేనుకొరుకుడు పేను వల్ల రాదు, మన ఒంటి రక్షణ వ్యవస్థే కుదుళ్ల మీద తిరగబడటం వల్ల వస్తుంది. చాలామందికి దానంతట తిరిగి మొలుస్తుంది కూడా. చర్మ డాక్టరుకు చూపించండి. నల్ల మెహందీ అని అమ్మేవాటిలో పీపీడీ అనే రసాయనం ఉండొచ్చు, గోరింటాకు ఎప్పుడూ నల్లగా పండదు. పసిపిల్లలకు గోరింటాకు కూడా వద్దు, జీ6పీడీ అనే ఎంజైము పుట్టుకతోనే లోపించిన పిల్లలకు ఎర్ర రక్తకణాలు విరిగిపోవచ్చు, ఆ లోపం ఉందో లేదో పైకి తెలియదు. కొత్తది ఏదైనా చెవి వెనక రాసి రెండు రోజులు చూశాకే తలకు.

ఇక మీ మిద్దె మీది మొక్క. మందారానికి పిండినల్లి, అదే తెల్లటి పిండిలా పట్టే పురుగు, తప్పదు. ఇమిడాక్లోప్రిడ్ వంటి మందు కొడితే అది ఆకులోపలికి ఇంకుతుంది, కడిగితే పోదు. అలాంటి మొక్క ఆకు తలకు వాడొద్దు. నర్సరీ నుంచి తెచ్చిన కొత్త మొక్కకు ఏం కొట్టారో మనకు తెలియదు కాబట్టి మొదటి రెండు మూడు నెలలు పూజకు పూలు కోసుకోండి, తర్వాత వచ్చిన కొత్త కొమ్మల ఆకులు వాడండి. పిండినల్లికి ముందు నీళ్ల పైపుతో ఒత్తిడిగా కొట్టి రాల్చేయడం, తర్వాత లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బునీళ్లు కలిపి సాయంత్రం చల్లడం చాలు. ఒక్కసారికి మొక్కలో మూడో వంతు ఆకులకు మించి కోయకండి. కొమ్మ చివర తుంచితే పక్క కొమ్మలు వస్తాయి, కొత్త కొమ్మకే మొగ్గ వస్తుంది. తలంటుకు, పూజకు రెండింటికీ కావాలంటే ఒక కుండీ చాలదు, రెండు పెట్టుకోండి.

ప్రశ్నలుంటే అడగండి. ముందు ఆ మూల కూర్చున్న అమ్మ అడగాలనుకుంటున్నారు.